వీధి పిల్లిని ఇంట్లోకి తెస్తే పాత పిల్లితో కలపడం ఎలా?

"సెల్లార్‌లో రోజూ తిండి పెడుతున్న పిల్లిని పైకి తెచ్చేసుకుందామనుకుంటున్నాం. ఇంట్లో ఆల్రెడీ ఒకటుంది. కొట్టుకుంటాయా?" వానలు మొదలైతే చాలు, ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. తెచ్చే ముందు అడిగేవాళ్లు తక్కువ. తెచ్చేశాక అడిగేవాళ్లే ఎక్కువ. అప్పటికే ఒకటి ఫ్రిజ్ మీద, ఇంకొకటి మంచం కింద, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మీ పరిస్థితి ఇదే అయితే చదవడం ఆపి, ముందు కొత్త పిల్లిని ఒక గదిలో పెట్టి తలుపు వేసేయండి. ఎలాగూ ఒకదాన్నొకటి చూసేసుకున్నాయి కదా అని మధ్యలోంచి మొదలుపెట్టొద్దు.

ఒక్క విషయం గుర్తుంచుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. ఎంత వేగంగా ముందుకెళ్లాలో తేల్చేది ఇంట్లో ముందు నుంచీ ఉన్న పిల్లి. మీకెన్ని రోజులు సెలవు దొరికిందో దానికి అనవసరం. మూడు వారాల్లో కలిసిపోయేవి ఉంటాయి, మూడు నెలలు పట్టేవీ ఉంటాయి.

ముందు ఆ పిల్లి ఎలాంటిదో చూడండి

వీధిలో కనిపించే పిల్లులన్నీ ఒకలాంటివి కావు. కొన్ని ఎవరో పెంచి వదిలేసినవి. మిమ్మల్ని చూసి తోక నిలువుగా ఎత్తుకుని వస్తాయి, మ్యావ్ అంటాయి, కాళ్లకు రాసుకుంటాయి. ఇవి ఇంటికి త్వరగానే అలవాటు పడతాయి.

రెండో రకం పుట్టినప్పటి నుంచీ మనిషి చేయి తగలనివి. మీరు గిన్నె పెట్టి వెళ్లిపోయాకే తింటాయి. మీ వైపు చూసి అరవవు, గోడ వారగా వెళ్తాయి, ఎక్కువగా రాత్రుళ్లే తిరుగుతాయి. పిల్లి పిల్లలకు మనుషులు బాగా అలవాటయ్యేది రెండో వారం నుంచి ఏడెనిమిది వారాల వయసు వరకు. ఆ వయసులో దొరికితే పని సులువు. మూడు నాలుగు నెలలు దాటితే ఓపిక కావాలి. బాగా ముదిరిన గండు పిల్లిని ఫ్లాట్‌లో పెట్టి తలుపులేస్తే అది దానికి జైలే. అలాంటిదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు చేయించి, పట్టుకొచ్చిన చోటే వదిలి తిండి పెట్టడం మేలని నా అభిప్రాయం. చెవి కొస కొంచెం కత్తిరించినట్టు ఉంటే ఆపరేషన్ అయిపోయిందని గుర్తు.

ఆడపిల్లి అయితే ఇంకో సంగతి చూసుకోవాలి. పొట్ట కింద చనుమొనలు ఉబ్బి, చుట్టూ బొచ్చు రాలి ఉంటే ఎక్కడో పిల్లలున్నాయన్నమాట. జనరేటర్ వెనకో, పాత సామాన్ల మధ్యో వెతకండి. తల్లినొక్కదాన్ని తెచ్చేస్తే అవి బతకవు. అలాగే పిల్లలు మాత్రమే కనిపిస్తే వెంటనే ఎత్తుకురావొద్దు. తల్లి తిండికి వెళ్లి కొన్ని గంటల తర్వాత వస్తుంది, లేదా ఒక్కొక్కదాన్నీ వేరే చోటికి మారుస్తూ ఉండొచ్చు. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అనలేదు.

కారణం లేకుండా మీద పడి కరవడం, చొంగ కార్చడం, తూలుతూ నడవడం కనిపిస్తే దగ్గరికి వెళ్లొద్దు. రేబిస్ కావచ్చు. పశువైద్యుడికో, జంతు సంరక్షణ సంస్థకో చెప్పండి.

కావలసినవి

- తలుపు ఉన్న ఒక గది. డబుల్ బెడ్‌రూం ఇల్లయితే చిన్న బెడ్‌రూం చాలు. గది కుదరకపోతే బాత్రూం. అయితే బకెట్లలో నీళ్లు పారబోయాలి, పిల్లి పిల్లలు అందులో పడి చనిపోతాయి.
- లిట్టర్ ట్రేలు, అంటే మలమూత్రాల కోసం ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టేవి. పిల్లులెన్నో అంతకన్నా ఒకటి ఎక్కువ, అంటే మీకు మూడు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బయినా పర్లేదు.
- పిల్లిని మోసుకెళ్లే పెట్టె, క్యారియర్ అంటారు. లేకపోతే రెండు పండ్ల ట్రేలు ఎదురెదురుగా మూసి తాడుతో బిగించి కట్టండి.
- పాత టవళ్లు, ఉతికిన సాక్సులు, పక్కకు రంధ్రం కోసిన అట్టపెట్టె.
- ఒక పెద్ద అట్టముక్క. టీవీ డబ్బాది బాగుంటుంది. ఎందుకో తర్వాత చెప్తాను.
- దోమల మెష్ తలుపు ఉంటే మీ అదృష్టం. స్టీలు జాలీదైతే ఇంకా మంచిది, ఫైబర్ జాలీని గోళ్లతో చీల్చేస్తాయి.
- ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్, లేదా ముల్లు తీసిన చేప. రోజువారీ తిండికి క్యాట్ ఫుడ్ వాడండి. పెరుగన్నంతో పిల్లి ఆరోగ్యంగా బతకదు. పాలు చాలా పెద్ద పిల్లులకు అరగవు, విరేచనాలవుతాయి.

ఇంట్లో ఉన్నా పిల్లి దగ్గరికి రానివ్వకూడనివి కొన్ని ఉన్నాయి. ఫినాయిల్, డెటాల్ పిల్లులకు విషం. గది కడిగాక వాసన వస్తోందంటే పిల్లిని పెట్టొద్దు. డోలో, క్రోసిన్ లాంటి పారాసెటమాల్ మాత్ర ఒక్క ముక్కతో కూడా పిల్లి చనిపోవచ్చు. కుక్కల కోసం అమ్మే పిడుదుల మందుల్లో పర్మెత్రిన్ ఉంటే పిల్లికి ఫిట్స్ వచ్చి ప్రాణం పోతుంది. "కొంచెం రాస్తే ఏమవుతుందిలే" అనుకోవడానికి లేదు.

1. ఇంటికంటే ముందు డాక్టర్ దగ్గరికి

చేత్తో పట్టుకోవడానికి ప్రయత్నించొద్దు. క్యారియర్ తలుపు తాడుతో తెరిచి కట్టి, కొన్ని రోజులు అందులోనే తిండి పెట్టండి. గిన్నెను రోజుకు కొంచెం లోపలికి జరపండి. లోపల ప్రశాంతంగా తింటున్నప్పుడు తలుపు మూసి, వెంటనే పైన టవల్ కప్పండి. చీకటైతే గింజుకోవడం తగ్గుతుంది. అసలు దగ్గరికే రానిదైతే జంతు సంరక్షణ సంస్థల దగ్గర బోను దొరుకుతుందేమో అడగండి.

కరిచినా, రక్కినా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి అందరికీ తెలిసినవే. చిన్న గీతే కదా అని పసుపు అద్ది ఊరుకోవద్దు. రేబిస్ మాట అటుంచి, పిల్లి పళ్లు సూదుల్లా లోతుగా దిగుతాయి కాబట్టి చీము కూడా త్వరగా పడుతుంది.

డాక్టర్ దగ్గర చేయించాల్సినవి: పిడుదులు, గోమార్లు, చెవి పురుగులు, నులిపురుగులకు మందు. తామర ఉందేమో చూడమనండి, అది ఇంట్లో మనుషులకూ అంటుకుంటుంది. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ, ఎఫ్‌ఈఎల్‌వీ వైరస్‌లకు రక్త పరీక్ష కూడా చేయించండి. ఆరు నెలల లోపు పిల్లకు ఎఫ్‌ఐవీ పాజిటివ్ వస్తే కంగారు పడొద్దు, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల కూడా అలా చూపిస్తుంది, తర్వాత మళ్లీ చేస్తారు. మూడు పిల్లి జబ్బులకు కలిపి వేసే ట్రైక్యాట్ టీకా ఎనిమిది వారాల వయసు నుంచి, రేబిస్ టీకా మూడు నెలల నుంచి. పాత పిల్లి టీకాల పుస్తకం కూడా తీసి తేదీలు చూడండి. బూస్టర్ దాటిపోయి ఉంటే కొత్తది రాకముందే వేయించాలి.

ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమనిపిస్తే ప్రభుత్వ పశువైద్యశాలలు ఉన్నాయి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రుల్లోనూ పిల్లుల్ని చూస్తారు.

ఏడాది లోపు మీ ఇంట్లో ఏ పిల్లయినా వాంతులు, విరేచనాలతో చనిపోయి ఉంటే ఆ విషయం డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. పిల్లులకు ఈ వాంతులు, విరేచనాలు తెచ్చే పాన్‌ల్యూకోపీనియా వైరస్ గచ్చు మీద, గుడ్డల్లో ఏడాది దాకా బతికే ఉంటుంది, ఫినాయిల్‌కు చావదు. లిక్విడ్ బ్లీచ్ ఒక వంతుకు 32 వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. టీకాలు పూర్తికాని పిల్లను అలాంటి ఇంటికి తేవొద్దు.

2. రెండు వారాలు వేరే గది

ఇది జబ్బుల క్వారంటైన్ కూడా, కాబట్టి "బాగానే ఉందిగా" అని నాలుగో రోజే తలుపు తీయొద్దు.

గదిని ముందుగా నేల మీద కూర్చుని చూడండి. తల పట్టే సందు ఉంటే పిల్లి పడుతుంది. కిటికీ గ్రిల్, ఏసీ పైపు రంధ్రం, బీరువా వెనక సందు, మంచం పెట్టె, అటక, అన్నీ మూయాలి. దాక్కోవడానికి చోటు మాత్రం ఉండాలి, అది మీరు ఎంచిన చోటై ఉండాలి. అందుకే అట్టపెట్టె. బీరువా వెనక్కి దూరిన పిల్లిని బయటికి లాగడం ఎవరి వల్లా కాదు. ట్రేలో మొదట్లో అది తిరిగే చోటి మట్టి లేదా ఇసుక పోసి, రోజూ కొంచెం లిట్టర్ కలుపుతూ పోండి. గర్భిణులు ట్రే ముట్టుకోకూడదు. మిగతావాళ్లు మలాన్ని రోజూ తీసేయాలి, కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మలంలో ఒకటి నుంచి ఐదు రోజులు నిలవుంటేనే అంటుకునే దశకు వస్తుంది.

మొదటి రాత్రుళ్లు అరుస్తుంది. కింది ఫ్లాట్ ఆంటీకి ముందే చెప్పి పెట్టుకోండి. అరిచిందని తలుపు తీస్తే, అరిస్తే తలుపు తీస్తారని నేర్చుకుంటుంది.

రోజుకు రెండు మూడు సార్లు లోపలికెళ్లి నేల మీద కూర్చోండి. సూటిగా చూడొద్దు, చేయి చాచొద్దు. ఫోన్ చూసుకోండి, మెల్లగా మాట్లాడండి. చూపు కలిస్తే కళ్లు నిదానంగా మూసి తెరవండి. అదీ అలాగే చేస్తే మంచి మొదలే. గిన్నెను రోజూ మీ వైపు కొంచెం జరుపుతూ రండి. బయటికొచ్చాక చేతులు కడుక్కుని, పైన వేసుకున్న చొక్కా మార్చుకున్నాకే పాత పిల్లిని ముట్టుకోండి.

మొదటి రోజు తినకపోవడం మామూలే. రెండో రోజూ ముట్టకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి, చిన్న పిల్లయితే అంతకుముందే. పాత పిల్లి టైం టేబుల్ మాత్రం మారకూడదు. దాని గిన్నె, దాని కుర్చీ, పొద్దున మీ ఒళ్లో అది కూర్చునే పది నిమిషాలు, అన్నీ ఎప్పట్లాగే.

3. ముందు వాసన

పిల్లులకు పరిచయం ముక్కుతో మొదలవుతుంది. చాలామంది దీన్నే దాటేస్తారు, అందుకే దీని మీద ఎక్కువ రాస్తున్నాను.

ఒక సాక్సుతో పాత పిల్లి బుగ్గల మీద, గడ్డం కింద నెమ్మదిగా రుద్దండి. ఆ సాక్సును కొత్తదాని గిన్నెకు నాలుగడుగుల దూరంలో పడేసి వదిలేయండి. కొత్తది తాకనివ్వకపోతే అది పడుకున్న టవల్ ముక్కను తెచ్చి పాతదాని గదిలో పెట్టండి. దాని ముఖానికి రాయొద్దు, ముక్కు దగ్గర పెట్టి "చూడు చూడు" అనొద్దు. దానంతట అదే వస్తుంది. ముక్కు ముందుకు చాచి, మెడ సాగదీసి, వెనక కాళ్లు పారిపోవడానికి సిద్ధంగా ఉంచుకుని వాసన చూస్తుంది. బుస్సుమంటే బెంగ పడొద్దు. రేపు మళ్లీ, ఇంకొంచెం దూరంలో. వాసన చూసి పట్టించుకోకుండా వెళ్లిపోయిందంటే మీరు గెలిచినట్టే. మనకు కావలసింది ప్రేమ కాదు, ఆ పట్టించుకోకపోవడమే.

తర్వాత మూసిన తలుపుకు ఇటొకటి, అటొకటి తిండి పెట్టండి. మొదట తలుపుకు ఆరేడు అడుగుల దూరంలో. రెండూ గిన్నె ఖాళీ చేస్తే మర్నాడు జానెడు దగ్గరికి. ఏదైనా తినడం ఆపి తలుపు కింద సందు వైపే చూస్తూ ఉంటే నిన్నటి చోటికి వెనక్కి వెళ్లండి. ఇలా వెనక్కి రావడం ఓటమేం కాదు, ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది.

తలుపుకు ఆనుకుని రెండూ తింటున్నాయంటే, ఇక గదులు మార్చండి. పాతదాన్ని మీ గదిలో ఉంచి, కొత్తదాన్ని గంటసేపు ఇల్లంతా తిరగనివ్వండి. తర్వాత పాతది కొత్తదాని గదిని వాసన చూస్తుంది. ఈ మార్పిడిలో ఎదురుపడకుండా ఇద్దరు మనుషులు ఉండాలి.

4. తర్వాత చూపు

మెష్ తలుపుకు కింది సగం టవల్ కట్టి, రెండు వైపులా చికెన్ పెట్టండి. ఐదు నిమిషాలు, అంతే. బాగా జరుగుతున్నప్పుడే చెక్క తలుపు మూసేయండి. రోజులు గడిచేకొద్దీ టవల్ పైకి కట్టుకుంటూ పోవచ్చు. మెష్ లేకపోతే తలుపును కొంచెం మాత్రమే తెరిచి, కదలకుండా రెండు వైపులా బరువులు పెట్టండి. పంజా దూరాలి, తల దూరకూడదు.

ఒకటి రెండు సార్లు బుస్సుమని పక్కకు తిరిగిపోవడం, గిన్నె వైపు తిరగడం, ఒళ్లు నాక్కోవడం, ఇవి సరే. రెప్ప వేయకుండా చూపు నిలిపేసి, చెవులు వెనక్కి అణిచి, ఒళ్లు నేలకు ఆనించి, తోక కొస మాత్రం టకటక కొడుతూ ఉంటే అది మాటు వేస్తోంది. అరుపు లేదు కదా అని మోసపోవద్దు. మధ్యలో అట్టముక్క పెట్టి చూపు తెంపి, రెండు రోజులు మూడో మెట్టుకు వెళ్లండి.

5. ఒకే గదిలో

రెండింటికీ ఆపరేషన్లు అయ్యాకే. మగపిల్లికి ఆపరేషన్ తర్వాత హార్మోన్లు తగ్గడానికి నాలుగైదు వారాలు పట్టొచ్చు. ఆడ, మగ అయితే మరీ జాగ్రత్త, ఆడ పిల్లి నాలుగు నెలల వయసుకే చూలు కట్టవచ్చు.

దీపావళి వారం, ఇంట్లో పెళ్లి, చుట్టాలు, పెయింటింగ్ పనులు ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు. టపాసు శబ్దానికి బెదిరిన పిల్లి పక్కనున్న పిల్లినే కరుస్తుంది, ఆ తర్వాత వారాలపాటు ఆ పగ పోదు.

భోజనం ముందు, కొంచెం ఆకలిగా ఉన్నప్పుడు. ఇద్దరు మనుషులు, తలొక ఈక కట్టిన పుల్ల. దూరంగా ఆడించండి, తిండి పెట్టండి, పది నిమిషాల్లో విడదీయండి. ఏ పిల్లీ మూలన ఇరుక్కోకుండా పారిపోయే దారి ఉండాలి, ఎక్కడానికి ఎత్తైన చోటుండాలి. చేతుల్లో ఎత్తుకుని ఎదురెదురుగా పెట్టి "చూడు, తమ్ముడొచ్చాడు" అనడం అందరూ చేసే పనే. రెండు నిమిషాల్లో మీ ముంజేతి మీద గీతలు పడతాయి.

కొట్టుకుంటే మధ్యలో చేయి పెట్టొద్దు. గట్టిగా చప్పట్లు, కుదరకపోతే అట్టముక్క లేదా దిండు మధ్యలోకి. విడిపోయాక ఎవరినీ ఎత్తుకోవద్దు, వేరు గదుల్లో వదిలేయండి. ఆటా, కొట్లాటా తేడా తెలియాలంటే: ఆటలో వంతులు మారతాయి, ఒకసారి ఇది తరిమితే ఒకసారి అది తరుముతుంది, పెద్దగా అరుపులుండవు. ఎప్పుడూ ఒకటే తరుముతూ, రెండోది మంచం కింద నుంచి రాకపోతే, లేదా బొచ్చు కుచ్చులు రాలితే అది ఆట కాదు.

6. వదిలి వెళ్లడం

వరసగా రెండు వారాలు గొడవ లేకపోతే, మొదట మీరు స్నానం చేసొచ్చేంతసేపు, తర్వాత కిరాణా కొట్టుకెళ్లొచ్చేంతసేపు. రాత్రుళ్లు కలిపి ఉంచడం అన్నిటికంటే చివర. ట్రేలు, గిన్నెలు ఎప్పటికీ వేర్వేరు చోట్లే ఉండనివ్వండి. మూడు ట్రేలూ ఒకే బాల్కనీలో వరసగా పెడితే పిల్లి లెక్కలో అవి ఒక్కటే.

బాల్కనీ గురించి ఒక మాట: పావురాల కోసం కట్టే నైలాన్ నెట్‌ను పిల్లి కొరికేస్తుంది. వీధిలో తిరిగిన పిల్లి తప్పకుండా ప్రయత్నిస్తుంది. స్టీలు జాలీ వేయించండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

బుస్సుమన్నందుకు పాత పిల్లిని తిట్టడం, నీళ్లు చల్లడం. దానికి అర్థమయ్యేది ఒకటే: ఆ కొత్తది కనిపించినప్పుడల్లా నాకు చెడు జరుగుతోంది. బుస్సుమనడం "దూరంగా ఉండు" అని మర్యాదగా చెప్పడమే, చెప్పనివ్వండి.

తెచ్చిన రోజే స్నానం చేయించడం. మురికిగా ఉంటే తడిగుడ్డతో తుడవండి, అదీ చేయి పెట్టనిస్తేనే. మెడకు తాడుతో గంట కట్టడం ఇంకొకటి. గ్రిల్‌కు తట్టుకుంటే ఉరి పడుతుంది. కట్టాలనుకుంటే లాగితే ఊడిపోయే బెల్టు వాడండి.

పాత పిల్లి మంచం మీద మూత్రం పోస్తే "కోపంతో చేసింది" అంటారు. టెన్షన్ వల్లో, ట్రే దగ్గరికి వెళ్లే దారిలో కొత్తది కాపు కాయడం వల్లో చేస్తుంది. ట్రే స్థలం మార్చి చూడండి. మగపిల్లి మాత్రం ట్రేలో మళ్లీ మళ్లీ కూర్చుని చుక్క కూడా పోయలేకపోతుంటే అర్ధరాత్రయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మూత్రం బిగిస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

కుదరకపోతే

మూడు నెలలు ఓపికగా చేసినా తరుముకోవడమే అయితే, ఒకసారి మొత్తం విడదీసి, వారం విరామం ఇచ్చి వాసన దగ్గర నుంచి మళ్లీ రండి. రెండోసారి చాలావరకు మొదటిసారి కంటే త్వరగా జరుగుతుంది. అప్పటికీ కాకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, షిఫ్టుల పద్ధతి: పగలు ఒకటి హాల్లో, రాత్రి ఇంకొకటి. ఇలా ఏళ్లపాటు నడుపుకొస్తున్న ఇళ్లున్నాయి. రెండోది, కొత్తదానికి ఇంకో పిల్లి లేని ఇల్లు వెతకడం. ఇచ్చేటప్పుడు టీకాల పుస్తకం, ఆపరేషన్ కాగితం, అది తినే తిండి, అది పడుకున్న ఉతకని టవల్ కూడా ఇవ్వండి. ఇల్లు దొరక్కపోతే, అది మనుషులకు అలవాటు పడనిదైతే, తెచ్చిన సెల్లార్‌లోనే వదిలి రోజూ అదే టైంకి తిండి పెట్టండి. చేపల మార్కెట్ దగ్గర తిండికి కరువుండదులే అని తీసుకెళ్లి దింపేయొద్దు. అక్కడ ఉన్న పిల్లులు దాన్ని తిననివ్వవు, తిరిగి రావడానికి దానికి దారీ తెలియదు.